చెట్టొక చెవికి, కాయలొక చెవికి

నిన్న మిట్టమధ్యాహ్నం ఒకామె మా గాజుల అంగట్లోకి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటా, లాకెట్ కావాలనింది. లాకెట్లు అమ్మేదానికే కదా పావగడ బజార్లో అంగడి పెట్టుకోనుండేది. ట్రే తీసి ముందర పెట్టినా.

"ఇవి కాదక్కా. మా ఆడబిడ్డ చేస్తాండెనే, ఆ మాదిరి బొమ్మల లాకెట్టు. దాంట్లో మా ఆడబిడ్డ సమాధి బొమ్మ గీసుండాల. పెద్దల అమావాస్య వస్తాంది కదా, ఇంట్లో పెట్టుకోని పూజ చేసుకుంటాం. నీకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఉంటే గీయించియ్యక్కా."

ట్రే ఎత్తి లోపల పెట్టేసినా. నా నోరు మంచిది కాదని బజారంతా చెప్పుకుంటారు, చెప్పుకోనీ. నిన్న నేను ఆమెకు చెప్పిన మాట నోటిదురుసుతో చెప్పింది కాదు. అదేందో తెలియాలంటే ముందు ఆ ఆడబిడ్డ ఎట్లాంటిదో తెలియాల.

పేరు చెప్పను. బజార్లో అందరూ బొమ్మల పిల్ల అంటాండ్రి. పిల్లేం కాదు, ముప్పై దాటినాయి. సొంతూరు తిరుమణి, అన్నా వదినల ఇంట్లో ఉండేది. మొదటిసారి మా అంగడి మెట్టెక్కింది ఏమన్నా కొనడానికో అమ్మడానికో కాదు, కొట్లాటకు. ఎవురితోనో మా అంగట్లో తెప్పించుకున్న కమ్మల కొక్కేలు గుప్పెడు తెచ్చి గల్లాపెట్టె మీద గలగలా పోసింది.

"వారం కూడా కాలేదు, అప్పుడే పచ్చగా తుప్పు పట్టినాయి చూడు. చెవులు చీము పడితే నువ్వొచ్చి మందేస్తావా?"

నేనూ తగ్గలేదు. "పోయి బంగారు కొక్కేలు కొనుక్కోపో తల్లీ, ఎవురొద్దన్నారు?" అంటి. అంటానే చూస్తిని, కొన్ని కొక్కేలకు కమ్మలు అట్లే ఉండాయి. బొటనవేలి గోరంత బొమ్మ. చెనిక్కాయ చెట్టు, అదే వేరుశెనగ, ఆకులు నాలుగు, పసుపు పువ్వు ఒకటి. ఆ పువ్వులో సన్నని ఎర్ర గీత కూడా ఉండాది. నాకు చిన్నప్పటి నుంచి చెనిక్కాయలు తినడం తెలుసు గానీ ఆ పువ్వులో ఎర్ర గీత ఉంటుందని ఆ దినమే తెలిసింది. ఎవురు గీసినారు అంటే నేనే అనింది. కొక్కేలు మార్చిచ్చినా. మరుసటి వారం నుంచి ఆ పిల్ల చేసిన సరుకు మా అంగట్లో వేలాడేది.

దళసరి కాగితం మీద సన్నని పెన్నుతో నల్లగా గీసి, పైన రంగులేసి, కత్తిరించి, పల్చటి చెక్కకు అంటించేది. దాని మీద వార్నిష్ పూత, ఆరినాక ఇంకో పూత. బ్రష్షు మొన పెదాల మధ్య పెట్టి సన్నగా చేసుకునే అలవాటు. ఎప్పుడు చూసినా కింది పెదవికి ఏదో ఒక రంగు ఉంటాండె. ఇంకో అలవాటు, మనుషుల మొహం చూసి మాట్లాడేది కాదు, చెవులు చూసి మాట్లాడేది. మా అత్తగారు ఏదో పెద్దరికంగా మంచీచెడ్డా అడుగుతా ఉంటే, "అవ్వా, నీ ఎడమ చెవి తమ్మె జారిపోయింది, బరువైనవి పెట్టుకోవద్దు" అనేసింది. మా అత్త మూడు దినాలు తిట్టుకునింది. నాలుగో దినం బరువు కమ్మలు తీసి పెట్టెలో పెట్టింది.

ఆ పిల్ల సరుకు అమ్మాలంటే నాకు ప్రాణం పోయేది. ఎందుకంటే ఏ జతా జతగా ఉండదు. చెనిక్కాయ చెట్టు ఒక చెవికి, వేర్లతో కాయలు ఒక చెవికి. తొండ ఒక చెవికి, అది దూరే బండ సందు ఒక చెవికి. కొనేటోళ్ళు "ఇదేందక్కా, దీని జోడీ యాడ పోయింది?" అంటారు. నేను ఎన్నిసార్లని చెప్పేది? ఒకసారి ఒక టీచరమ్మ నిలబెట్టి అడిగింది.

"రెండూ ఒకే మాదిరి చేయొచ్చు కదమ్మా? చూసేదానికి బాగుంటుంది."

"మేడమ్, చెట్టు పైనుండేది అందరూ చూస్తారు. మట్టిలో ఉండేదాన్ని పీకి చూడాల. నీకు రెండు చెవులుండాయి కదా, రెండూ పెట్టుకో" అనింది. టీచరమ్మ నవ్వి కొనుక్కునింది. అందరూ నవ్వరు కదా. నాకు గిరాకీలు ఎన్ని పోయినాయో ఆ దేవునికే తెలుసు.

కంటితో చూడంది గీయదు. పెండ్లికూతురు వాళ్ళు తామర పువ్వు కావాలంటే, "మా చెరువులో నీళ్ళే లేవు, తామర యాడ చూసినా నేను? తంగేడు గీసిస్తా" అంటుంది. మా దిక్కు చేన్లలోకి సోలారు ప్యానెల్స్ వచ్చినాక ప్యానెల్స్ కూడా గీసింది. ఒక చెవికి ప్యానెల్, ఇంకో చెవికి దాని నీడలో పండుకున్న గొర్రె. "ఏమే, వాటి మీద నీకు కోపం లేదా?" అని అడిగితే, "ఎండకూ నీడకూ కోపమెందుకక్కా? అన్నకు కౌలు వస్తాంది, వదిన పొయ్యి మండుతాంది. నా కోపం మనుషుల మీద" అనింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

అర్థమయ్యింది వల్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు.

మా దిక్కు రైతులు పెద్దలను సొంత చేన్లోనే పూడ్చుకుంటారు. ఒక బండరాయి నిలబెట్టి, ఏడాదికొకసారి పెద్దల అమావాస్యకు పోయి, రాయి కడిగి, అన్నం పెట్టి వస్తారు. చేన్లు సోలారు కంపెనీకి కౌలుకు ఇచ్చినప్పుడు పెద్దలూ వాటితోపాటే కంచె లోపలికి పోయినారు. కౌలు గురించి ఊరూరా పంచాయితీలు జరిగినాయి, కౌలు ఎంత, ఎప్పుడు పెంచుతారు, అంతా మాట్లాడుకున్నారు. పెద్దల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఇంక లోపలికి పోనీరని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. అమావాస్యకు ఇంటి గడపలోనే ఆకు పరిచి దండం పెట్టుకోవడం మొదలుపెట్టినారు.

ఆ వల్లూరు పెద్దాయన చేను, ఈ పిల్ల వాళ్ళ చేను గట్టుకు ఆ పక్కా ఈ పక్కా. ఆయన నాయన సమాధి ఈ పిల్ల చిన్నప్పటి నుంచి చూసిందే. దాని బొమ్మ గీసి ఒక లాకెట్ చేసియ్యమ్మా, మెడలో వేసుకుంటా అని అడిగినాడు. చేసిచ్చింది. నిలబెట్టిన రాయి, దాని వెనక వేపచెట్టు, ఇంకా వెనక రెండుగా చీలిన గుట్ట. చిన్న రూపాయి బిళ్ళంత దాంట్లో అంతా ఉండె. ఆయన కండ్లకద్దుకున్నాడు.

అమావాస్య అయిన రెండు దినాలకు అరిటాకులో ఏదో చుట్టుకోని పెద్దాయన మళ్ళీ వచ్చినాడు. ఆకు విప్పితే లాకెట్టు. కాగితం ఉబ్బిపోయుండాది, ఆకుపచ్చా ఎరుపూ కలిసి బురద మాదిరి అయిపోయింది. ఆయన దాన్ని మెడలో వేసుకోలేదు, పీట మీద పెట్టినాడు. పెట్టి రాయిని కడిగినట్టే కడిగినాడు. నీళ్ళు, పాలు, పసుపు, టెంకాయ నీళ్ళు.

"మా నాయన చెరిగిపోయినాడమ్మా" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు.

ఆ పిల్ల లాకెట్టును పైట కొంగుతో తుడిచి తన దగ్గరే పెట్టుకునింది. కానీ ఈ సంగతి ఊర్లలో పాకింది. చెరిగిపోయిన సంగతి కాదు, పెద్దలను లాకెట్లో పెట్టిస్తారనే సంగతి! తిరుమణి నుంచి, వల్లూరు నుంచి, క్యాతగానచెర్లు నుంచి జనం వచ్చేది మొదలుపెట్టినారు. మా తాతను గీయి, మా అవ్వను గీయి, నీళ్ళు పోసినా పోకుండా చేసియ్యి. గిరాకీ చూసి నాకు సంబరం. ఆ పిల్ల ఒక దినం చూసింది, రెండు దినాలు చూసింది, ఆమీట అంగడి నడిమధ్యన నిలబడి కేకలేసింది.

"నేను చేసేది చెవులకు, మెడకు పెట్టుకునే సరుకు! దేవునింట్లో పెట్టే పటాలు కాదు! మీ తాత యాడుండాడో మీకు తెలీదా? ఆడికి పోండి!"

"యాడ పోనిస్తారమ్మా? కంపెనీ వాళ్ళు రానీరు" అన్నారు.

"అడిగినారా?"

"రానీరంట" అని ఎవురో గొణిగినారు.

"రానీరంట అని చెప్పింది ఎవురు? మీరు పోయి గేటు కాడ అడిగినారా?"

నాకు గిరాకీ పోతాందని కోపం. నా నోరు గమ్మునుండదు కదా. "పెద్ద చెప్పొచ్చినావు, నువ్వడిగినావా? మీ అమ్మ కూడా లోపలే కదా ఉండేది!" అంటి. ఆ పిల్ల చిన్నప్పుడే తల్లి పోయింది. ఆమెనూ ఆ చేన్లోనే పూడ్చినారు.

మొదటిసారి నా చెవులు కాదు, మొహం చూసింది. "లేదక్కా. నేనూ అడగలేదు" అనింది. వెంటనే చెప్పులేసుకోని "నడు" అనింది. అంగడి మా ఆయనకు అప్పజెప్పి, దోవలో వల్లూరు పెద్దాయన్ను ఎక్కించుకోని ఆటోలో పోయినాము. ఎండ అంటే ఎండ.

గేటు కాడ సెక్యూరిటీ ఉండాడు. మీసాలాయన, క్యాతగానచెర్లు మనిషి. ఈ పిల్ల పోయి నిలబడి, "అన్నా, మా అమ్మ సమాధి లోపలుండాది. చూసొస్తాము" అనింది. ఆయన మమ్మల్ని కిందికీ మీదికీ చూసినాడు.

"ఇంతవరకూ ఎవురూ అడగలేదే..." అని, "మా తాత కూడా లోపలే ఉండాడమ్మా" అన్నాడు.

"నువ్వు పోయినావా?"

"యాడమ్మా. పర్మిషన్ ఉండదు కదా."

"అడిగినావా?" అని అడిగింది. "దినామూ ఈడ నిలబడి గేటు తీసేదీ వేసేదీ నువ్వే కదన్నా! నీ తాతకు నువ్వే అడ్డమైతే ఎట్ల?" అని అరిచింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇంక కంపెనీ పెడుతుందా?

ఆయన ఫోన్ చేసినాడు. తెలుగు రాని ఇంజనీరు ఒకాయన బైకు మీద వచ్చినాడు. ఈ పిల్ల కన్నడంలో మా అమ్మ లోపలుంది సార్ అంటే, పాపం ఆయన ప్యానెల్స్ కడిగే ఆడోళ్ళలో ఒకరనుకోని ఏ షిఫ్టు అని అడిగినాడు. "షిఫ్టు లేదు సార్, రాత్రీ పగలూ ఆడే" అనింది. విషయం తెలిసినాక ఆయన మొహం చిన్నబోయింది. ఫోన్లో ఎవురెవురితోనో మాట్లాడినాడు. మమ్మల్ని శానాసేపు ఎండలో నిలబెట్టినారు, అది మాత్రం నేను మర్చిపోను. కడాకు మా ముగ్గురి తలల మీద పసుపు పచ్చ హెల్మెట్లు పెట్టి లోపలికి పంపినారు. పెద్దలను చూసేదానికి హెల్మెట్ పెట్టుకోని పోయినోళ్ళం భూమ్మీద మేమే ఉంటాము.

లోపల ఏముండాది? వరసకు వరస, అన్నీ ఒకటే. పెద్దాయన బిత్తరపోయినాడు. పుట్టినప్పటి నుంచి దున్నిన చేను, ఆ మనిషికి దిక్కు తెలీలేదు. బావి లేదు, వేపచెట్టు లేదు, గట్టు లేదు. ఈ వరసలోకి పోతాడు, ఆ వరసలోకి పోతాడు, "నాయనా, యాడుండావు నాయనా" అని పిలుస్తాడు. నాకు ఆ గొంతు ఇప్పటికీ వినిపిస్తాంది.

అప్పుడు ఆ పిల్ల సంచిలోనుంచి చెరిగిపోయిన లాకెట్టు తీసింది. రంగులు పోయినాయి గానీ నల్ల గీత పోలేదు. రాయి వెనక గుట్ట, గుట్ట చీలిక, గీసింది గీసినట్టే ఉండాది. లాకెట్టును కండ్ల ముందర ఎత్తి పట్టుకోని, అసలు గుట్టను చూస్తా నడిచింది. ఒకడుగు ఎడమకు, మళ్ళీ వెనక్కు. బొమ్మలో చీలిక ఎట్లుండాదో ఎదురుగా చీలిక అట్ల కనిపించేదాకా నడిచి ఆగింది.

"ఈడ చూడు తాతా."

ప్యానెల్ కింద, ఇనుప కాళ్ళ సందున, రాయి పక్కకు ఒరిగి పండుకోనుండాది. పెద్దాయన హెల్మెట్టుతోనే నేల మీద పడిపోయినాడు. గట్టు ఉండిన చోటు దాటి నాలుగడుగులేస్తే వాళ్ళమ్మది. ప్యానెల్స్ కడిగిన నీళ్ళు చుక్కచుక్కా కారి ఆ మట్టి మీద మాత్రం పచ్చగా గడ్డి మొలిచుండాది. ఆ పిల్ల ఏడవలేదు. రాయి పక్కన గొంతుక్కూచోని, చేత్తో తడిమి, "చల్లగా ఉండావే" అనింది. అంతే.

బయటికొచ్చినాక అందరికీ చెప్పింది. అడిగితే పోనిస్తారు, పోండి అని. పోయినోళ్ళు ఎంతమంది? వల్లూరు పెద్దాయన పోయినాడు. ఆ మీసాలాయన, పుణ్యాత్ముడు, డ్యూటీ దిగినాక వాళ్ళ తాత కాడికి పోయినాడు. తక్కినోళ్ళంతా నా అంగడికే వచ్చినారు, లాకెట్లకు! లోపలికి పోవాలంటే ఎండ, నడక, ఎవుర్నో ఒకర్ని అడగడం. లాకెట్ అయితే సుఖం. ఆ పిల్ల ఇంక ఒక్క సమాధి కూడా గీయలేదు. ఎవురొచ్చినా ఒకటే మాట, అడిగినారా?

ఒకసారి మా అంగట్లో కూచోని కొక్కేలు బిగిస్తా అనింది. "అక్కా, నేను పోతే మా అమ్మ పక్కన వేయమని చెప్పు."

"నోరు ముయ్యి. నాకంటే చిన్నదానివి."

"కొత్త సమాధికి వాళ్ళు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోతే పోనీ. కానీ అన్నను అడగమని చెప్పు. అడగకుండా మాత్రం వేరేచోట వేయొద్దను."

పోయిన ఏడాది వానలప్పుడు జ్వరమొచ్చింది. తుమకూరుకు తీసకపోయినారు, వారంలో పోయింది. ఆ వార్త విని నేను ఏడుస్తా ఫోన్ చేసినా. వాళ్ళన్నకు ఆమె మాట చెప్పినా, ఒకటికి రెండుసార్లు చెప్పినా. సరేక్కా సరేక్కా అన్నాడు. మట్టి చేసేదానికి తిరుమణి పోతే, ఊరి బయట, రోడ్డు పక్క బీడులో, కంచెకు ఇవతల అప్పటికే గుంత తవ్వి పెట్టినారు.

"అడిగినావా?" అంటి.

"యాడిస్తారక్కా? అగ్రిమెంటులో ఉంటాది..."

"అడిగినావా, లేదా?"

"చుట్టాలంతా వచ్చినారు. టైమ్ యాడుండాది?" అన్నాడు. వాని నోట్లో మన్ను పడా! ఆ మీసాలాయన టోపీ చేత పట్టుకోని పక్కనే నిలబడుండాడు. "నన్నడిగింటే నేను ఫోన్ చేసుంటిని కదప్పా" అన్నాడు. ఇచ్చిందురో, ఇయ్యకపోయిందురో. నాకు తెలీదు, ఎవురికీ తెలీదు. అడిగింటే కదా తెలిసేది!

గుంతలో దించే ముందర ముక్కుపుడక తీసినారు, మెడలో సన్న గొలుసు తీసినారు. ఈ వదినే తీసింది. చెవులకు మాత్రం ఎవురూ చెయ్యి పెట్టలేదు. కాగితం కమ్మలు కదా, ఎవురిక్కావాల? చెట్టు ఒక చెవికి, కాయలు ఒక చెవికి పెట్టుకోని అట్లే పోయింది.

ఆ వదినమ్మే నిన్న వచ్చి, సమాధి బొమ్మ గీసిన లాకెట్ కావాలనింది.

"ఆ సమాధి ఎట్లుండాదో చెప్పు, గీసేటోళ్ళకు తెలియాల కదా" అంటి.

"రాయి పెట్టించినారో లేదో... నేను మళ్ళా పోలేదక్కా."

"మీ ఇంటినుంచి ఎంత దూరం?"

"దూరమేం లేదు. రోడ్డు దాటితే."

"రోడ్డు దాటితే!" నా గొంతుకు పక్కంగడి వాళ్ళు కూడా బయటికొచ్చినారు. "విను. మీ అత్త కాడికి పోవాలంటే గేటు ఉండాది, సెక్యూరిటీ ఉండాడు, ఇంజనీరు రావాల, నెత్తిన హెల్మెట్ పెట్టుకోవాల. ఆ పిల్ల అవన్నీ దాటుకోని పోయి వాళ్ళమ్మను చూసొచ్చింది. ఆ పిల్ల కాడికి పోయేదానికి గేటు లేదు. కంచె లేదు. ఎవుర్నీ అడిగే పని లేదు. పో!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకోని మెట్లు దిగిపోయింది. బస్టాండు దిక్కు పోయింది. తిరుమణి బస్సు ఆడే ఆగుతుంది. దిగినాక రోడ్డుకు ఈ పక్క ఇల్లు, ఆ పక్క ఆ పిల్ల. ఏ పక్కకు నడిచిందో నాకు తెలీదు.